వానలో తడిసిన పెంపుడు కుందేలును ఎలా ఆరబెట్టాలి, తర్వాత ఏం చూసుకోవాలి

కుందేలు ఇప్పటికే తడిసి మీ చేతిలో ఉంటే ముందు ఈ పేరా చదివి పనిలోకి దిగండి. గాలి కొట్టని గదిలోకి తీసుకెళ్లి ఫ్యాన్ ఆపండి. పొడి తువ్వాలు కప్పి నీళ్లు అద్ది తీయండి, రుద్దకండి. తువ్వాలు తడవగానే మార్చండి. మళ్లీ స్నానం చేయించొద్దు, నోట్లో ఏమీ పోయొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. ఒళ్లు వేలాడేసినా, నోరు తెరిచి గాలి పీలుస్తున్నా, చెవులు చల్లబడిపోయి కదలకుండా పడి ఉన్నా ఒకరు ఆరబెడుతూ ఉండండి, ఇంకొకరు డాక్టరుకు ఫోన్ చేయండి. ఈ మూడూ లేకపోతే టెన్షన్ అక్కర్లేదు, కిందిది వరసగా చదువుకుంటూ చేసుకోవచ్చు.

గోదావరి జిల్లాల్లో కుందేలు తడవడానికి పెద్ద ప్రమాదమేమీ జరగక్కర్లేదు. దొడ్లో కొబ్బరి చెట్ల నీడన గూడు, పైన రేకు, పక్కన గోనెపట్టా. వాన నిలువుగా పడినంతకాలం ఇది చాలు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే అదే వాన అడ్డంగా కొడుతుంది, గూడంతా ముద్దవుతుంది. కాసేపు ఆడుకోనిద్దామని వదిలితే బోదెలో పడేవీ, చేపల చెరువు గట్టు మీంచి జారేవీ ఉన్నాయి. పిల్లలు ముచ్చటపడి బకెట్లో ముంచి స్నానం చేయించడం మరో రకం.

"మన ఊళ్లో చలేముందండీ, అదే ఆరిపోతుంది" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. సగం నిజమే. మన దగ్గర చలి తక్కువ. కానీ కుందేలు బొచ్చు రెండు పొరలు. పైన కాస్త పొడవాటి వెంట్రుకలు, వాటి కింద చర్మాన్ని అంటుకుని ఒత్తైన మెత్తటి బొచ్చు. పై పొర చూస్తుండగానే ఆరుతుంది. లోపలి పొర నీళ్లు పట్టుకుని గంటల తరబడి అలాగే ఉంటుంది. ముసురు పట్టినప్పుడు దండెం మీద బట్టలు రెండు రోజులైనా ఆరని ప్రాంతం మనది, ఆ లోపలి బొచ్చు తనంతట తాను ఎప్పుడు ఆరుతుంది? కుందేలు ఒంటి వేడి మామూలుగా 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన ఒంటి కన్నా ఎక్కువ. తడి బొచ్చు, పైన ఫ్యాను గాలి కలిస్తే ఎండాకాలంలో కూడా ఆ వేడి దిగిపోతుంది. చలికీ భయానికీ పేగుల కదలిక మందగిస్తుంది. పేగులు మందగిస్తే తిండి మానేస్తుంది, తిండి మానేస్తే పేగులు పూర్తిగా ఆగుతాయి. ఇంకోపక్క తడి ఆరని చోట ఈగ వాలుతుంది. డెల్టాలో నేను చలి కన్నా ఈ చివరి రెండింటికే ఎక్కువ భయపడతాను. ఒళ్లు ఆరిపోయాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అసలు కాపలా కాయాల్సింది అప్పుడే.

పట్టుకోవడం

చెవులు పట్టి ఎత్తకండి. ఒక చెయ్యి ముందు కాళ్ల వెనక రొమ్ము కింద, రెండో చెయ్యి పిర్రల కింద పెట్టి మీ పొట్టకు ఆనించుకోండి. కుందేలు ఎముకలు తేలిక, వెనక కాళ్ల కండ మాత్రం బలం. బెదిరి గాల్లో ఒక్క తన్ను తన్నితే దాని నడుమే విరగొచ్చు. తడిసినప్పుడు జారుతుంది కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే బల్ల మీద కాకుండా మీరే నేల మీద కూర్చోండి. టైల్స్ నేల మీద కాళ్లు జారి ఇంకా బెదురుతుంది, కింద ఒక గోనెసంచో పాత దుప్పటో పరవండి.

వెల్లకిలా తిప్పితే కదలకుండా పడుకుంటుంది, పొట్ట తుడవడానికి వీలుగా ఉంటుందని కొందరు అలా చేస్తారు. ఆ కదలకపోవడం హాయి వల్ల కాదు, భయంతో బిగుసుకుపోవడం. పొట్ట తుడవాలంటే ముందు కాళ్లు మీ మోచేతి మీద ఆనించి కాస్త లేపితే చాలు.

చెరువులో మునిగి తేలిన దాన్ని కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపడం అసలు వద్దు. ముక్కులోంచి నీళ్లు రావడం మాట అటుంచి మెడా నడుమూ దెబ్బతింటాయి. తల కాస్త కిందికి వాలేలా పట్టుకుని ముక్కు చుట్టూ పొడిబట్టతో అద్దండి, అంతే.

ఎంత తడిసింది, ఏ నీళ్లు

తుడవడం మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం చూడండి. వీపు మీద బొచ్చును ఊది పాయ తీయండి. లోపల చర్మం పొడిగా కనిపిస్తే అది పైపై జల్లు, రెండు తువ్వాళ్లతో పనైపోతుంది. చర్మానికి బొచ్చు అతుక్కుపోయి ఉంటే నిండా తడిసినట్టు. ఇక ఏ నీళ్లు అన్నది దానికన్నా ముఖ్యం. వాన నీళ్లయితే ఆరబెట్టడమే పని. మురుగు కాలవ, వరద నీరు, వరిచేను, చేపల చెరువు నీళ్లయితే ఆరబెట్టే ముందు ఇంకో పని ఉంది.

కుందేలు తడిస్తే మొదట చేసే పని నాకడం. ఒంటి మీద ఏది ఉంటే అది పొట్టలోకి పోతుంది. కాబట్టి బురద పట్టిన కాళ్లూ, తోకా, పొట్ట కిందా గోరువెచ్చటి నీళ్లు చెంబుతో మెల్లగా పోసి కడగండి. తలమీద పోయొద్దు. తొట్లో ముంచొద్దు. మన షాంపూ, డెట్టాలు, గిన్నెల సబ్బు ఏవీ వాడొద్దు. మీ చేతికి కోతలూ పుళ్లూ ఉంటే గ్లవ్స్ వేసుకోండి, లేదంటే ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. వరద నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, దాని వల్ల వచ్చే ఎలుక జ్వరం మనుషులకే ప్రమాదం.

ఈ మధ్యే మందు కొట్టిన చేలో పడితే కడగడంతో ఆగకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. ఏ మందు కొట్టారో చేను రైతును అడిగి డబ్బా మీది పేరు రాసుకోండి. వరిలో కాండం తొలిచే పురుగుకు వాడే వాటిలో ఫిప్రోనిల్ ఒకటి, అది కుందేలుకు విషం. వణుకు, చొంగ, కాళ్లు కొట్టుకోవడం కనిపించే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

ఆరబెట్టడం

తువ్వాళ్లు నాలుగైదు కావాలి. కొత్త టర్కీ తువ్వాళ్ల కన్నా పాత నూలు తువ్వాళ్లు, బాగా నలిగిన లుంగీలు, నూలు చీర ముక్కలు మేలు. అవి నీళ్లు బాగా పీలుస్తాయి. టర్కీ తువ్వాలు పోగుల్లో గోళ్లు చిక్కుకుంటే లాక్కునే కంగారులో వేలు మెలిపడుతుంది.

వీపు కనిపిస్తుంది కాబట్టి అందరూ వీపు తుడుస్తారు. మీరు కిందినుంచి మొదలుపెట్టండి. పొట్ట, చంకలు, గజ్జలు, తోక కింద, ఆ తర్వాత వీపు. ఆడ కుందేళ్లకు గడ్డం కింద గంగడోలు ఉంటుంది, ఆ మడతలో తడి నిలిచిపోతుంది, దాన్ని విప్పి ప్రత్యేకంగా అద్దండి. తువ్వాలు పెట్టి అరచేత్తో మెల్లగా నొక్కి తీయండి. అటూ ఇటూ రుద్దితే లోపలి బొచ్చు ఉండకట్టుకుంటుంది. తడి మీద దువ్వెన పెట్టొద్దు. కుందేలు చర్మం చాలా పల్చన, చిక్కు లాగితే చర్మమే చిరుగుతుంది. దువ్వడం పూర్తిగా ఆరాకే. అంగోరా లాంటి పొడుగు బొచ్చు రకమైతే చిక్కు పడిన చోట ఆరాక కూడా లాగకండి, వేళ్లతో విడదీయండి. విడివడకపోతే కత్తిరించే పని డాక్టరుకు వదిలేయండి, ఇంట్లో కత్తెర పెడితే బొచ్చుతో పాటు చర్మం తెగుతుంది.

తువ్వాళ్లతో వీలైనంత తీశాక హెయిర్ డ్రయ్యర్. దాని చప్పుడు కుందేలుకు కొత్త. ముందు గది చివర ఆన్ చేసి కాసేపు అలవాటు పడనివ్వండి. వేడి తక్కువలో పెట్టి ఒంటికి అడుగు దూరాన పట్టుకోండి. గాలి తగిలే చోట మీ రెండో చెయ్యి కూడా ఉండాలి, మీ చేతికి వెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే దూరం జరపండి. ఒకే చోట ఆపకండి. మొహం మీదా చెవుల్లోకీ కొట్టకండి. రెండు మూడు నిమిషాలు చేసి ఆపండి, మళ్లీ చేయండి. కళ్లు వెలుపలికి వచ్చినట్టు పెద్దవి చేసి చూస్తున్నా, వెనక కాలు నేలకేసి కొడుతున్నా, తప్పించుకోవాలని గింజుకుంటున్నా డ్రయ్యర్ వదిలేసి మళ్లీ తువ్వాళ్లకు రండి. త్వరగా ఆరాలని బెదరగొడితే లాభం లేదు, భయం కూడా పేగుల్ని ఆపుతుంది. వైరు కుందేలుకు అందేలా పెట్టొద్దు, కొరికేస్తుంది.

ఆరిందా లేదా అన్నది పై బొచ్చు చూసి కాదు, వేళ్లు లోపలికి పోనిచ్చి చర్మాన్ని తాకి చూడాలి. చల్లగా, తేమగా తగిలితే ఇంకా ఆరనట్టే.

కరెంటు లేకపోతే

తుఫాను రోజున తడుస్తుంది, తుఫాను రోజునే కరెంటు పోతుంది. అప్పుడు గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి కూల్‌డ్రింకు సీసాల్లో పోయండి. సీసా వంగిపోయేంత మరిగే నీళ్లు కాదు, చెయ్యి పట్టగలిగేంత వేడి. మూత గట్టిగా బిగించి, బట్ట రెండు మడతలు చుట్టి, అట్టపెట్టెలో ఒక పక్క పెట్టండి. రెండో పక్క ఖాళీగా వదలాలి. వేడెక్కువైతే జరగడానికి దానికి చోటుండాలి. సీసా చల్లారితే తీసేయండి, చల్లారిన సీసా ఉన్న వేడిని లాగేస్తుంది. మనం నొప్పులకు కాపడం పెట్టుకునే ఉప్పు మూట, ఇసుక మూట కూడా పనికొస్తాయి కానీ కుందేలు మూట కొరికి ఉప్పు తింటుంది, కాబట్టి పరిచిన బట్ట అడుగున పెట్టండి.

అన్నిటికన్నా తేలిక మీ ఒళ్లే. పొడి తువ్వాలులో చుట్టి మొహం బయట ఉంచి ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ఒంటి వేడి మెల్లగా ఎక్కుతుంది, ఊపిరి ఎలా ఆడుతోందో కూడా చేతికి తెలుస్తుంది.

కోళ్లు పెంచే ఇళ్లలో పిల్లల కోసం వేలాడదీసే బల్బు ఉంటుంది. ఇన్వర్టర్ ఉంటే దాన్ని పెట్టె ఒక మూల పైన, కుందేలు లేచి నిలబడినా అందనంత ఎత్తులో కట్టొచ్చు. పెట్టె మొత్తం వేడెక్కకూడదు. కుందేలుకు చెమట పట్టదు, వేడిని చెవుల ద్వారా వదులుకుంటుంది. చెవులు ఎర్రబడి వేడిగా తగులుతున్నా, ఊపిరి టకటకా ఆడుతున్నా, ముక్కూ మూతీ తడిగా ఉన్నా వేడి ఎక్కువైనట్టు, బల్బు తీసేయండి.

మనవాళ్లు చెప్పేవి, వద్దనాల్సినవి

ఇంట్లో పెద్దవాళ్లున్న చోట మొదట వచ్చే మాట సాంబ్రాణి. పసిపిల్లలకు తలంటు పోశాక బుట్ట కింద సాంబ్రాణి పొగ వేసి జుట్టు ఆరబెట్టే అలవాటు మనకుంది కదా, అదే కుందేలుకూ వెయ్యమంటారు. మామ్మగారికి నచ్చజెప్పండి. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది, నోటితో తీసుకోవడం దానికి దాదాపు రాదు. పొగకు ఆ ముక్కు వాచి మూసుకుంటే ఇంకో దారి లేదు. బొగ్గుల కుంపటి కూడా ఇందుకే వద్దు. తలుపులు మూసిన గదిలో కుంపటి మనుషుల ప్రాణానికే ముప్పు.

వాన వెలిసి ఎండ వచ్చింది కదా అని వాకిట్లో పెట్టడం ఇంకొకటి. వాన తర్వాత వచ్చే ఎండలో ఉక్క ఎలా ఉంటుందో మీకు తెలుసు. 30 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలు, కుందేలుకు ఇబ్బందే. చలి తీరుద్దామని పెట్టినది వడదెబ్బతో పడిపోతుంది. నీడలో, గాలి ఆడే గదిలో ఉంచండి చాలు.

బ్రాందీ చుక్క, వేడి పాలు, కషాయం, ఒంటికి పసుపు కలిపిన కొబ్బరినూనె: ఏదీ వద్దు. ఒంటికి రాసిన నూనె నాకేస్తుంది, పైగా నూనె పట్టిన బొచ్చు వేడిని నిలుపుకోదు. నోట్లో పోసినది చల్లబడి నీరసంగా ఉన్న జంతువుకు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

చెవులు, ముక్కు

చెవి బయటి దొప్ప వరకే పొడిబట్టతో తుడవండి. పుల్లకు దూది చుట్టి లోపల పెట్టొద్దు, వెల్లుల్లి కాచిన నూనె పోయొద్దు. తలను అదేపనిగా విదిలిస్తున్నా, చెవి గోక్కుంటున్నా, తల ఒక పక్కకు వాల్చి నడుస్తున్నా డాక్టరుకు చూపించాలి. చెవులు కిందికి వేలాడే రకాల్లో తడి లోపలే ఉండిపోతుంది కాబట్టి మూడు నాలుగు రోజులు గమనించండి.

నీళ్లలో మునిగిన కుందేలు ఊపిరిలో గురగుర వినిపిస్తే, ముక్కు దగ్గర నురగ కనిపిస్తే ఆ రోజే చూపించాలి. పైకి బాగానే ఉన్నా నీళ్లు లోపలికి పోయి ఉంటే ఒకటి రెండు రోజులకు నెమ్ము చేయొచ్చు.

ఆరాక తిండి

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఒళ్లు వెచ్చబడగానే దాని ముందు ఎండుగడ్డి, కాసిని ఇష్టమైన ఆకులు, గిన్నెతో గోరువెచ్చటి నీళ్లు పెట్టండి. కొత్తిమీర, పుదీనా, తోటకూర, కాస్త మునగాకు: వాసన ఉన్న ఆకులైతే మూతి త్వరగా కదుపుతుంది. తడి గరిక పీక్కొచ్చి వేస్తే ముందు నీళ్లు పిండి గుడ్డ మీద ఆరబోయండి. వానలో కోసి కుప్పగా పడేసిన పచ్చగడ్డి లోపల వేడెక్కి పులుస్తుంది, అది తింటే పొట్ట ఉబ్బుతుంది. పిల్లిపెసర మన చేలల్లో దొరికే మంచి మేతే కానీ ఈ ఒక్కరోజుకు దాన్ని తగ్గించండి. అరటిపండు, బిస్కెట్, అన్నం, అటుకులు ఇవ్వకండి. ముద్దుగా తింటుంది, పేగులకు కావలసింది మాత్రం గడ్డిలో ఉన్న పీచు. వరిగడ్డిలో పోషణ తక్కువే అయినా ఆ పూటకు ఏమీ లేకపోతే అదే నయం, బూజు వాసన లేకుండా ఉంటే. ముసురు రోజుల్లో వరిగడ్డి అడుగున బూజు పట్టి ఉంటుంది, చేత్తో విప్పి ముక్కు దగ్గర పెట్టి చూడండి.

కింద పాత న్యూస్‌పేపరు పరిస్తే పెంటికలు కనపడతాయి. ఈ రెండు రోజులు మీ వార్తలన్నీ వాటిలోనే ఉన్నాయి. గుండ్రంగా, ఒకే సైజులో, చేత్తో నలిపితే గడ్డి పొడిలా విడిపోతే పేగులు నడుస్తున్నట్టు. చిన్నవైపోయినా, వంకరటింకరగా వచ్చినా, అసలు ఆగిపోయినా పేగులు మందగించాయన్నమాట. రాత్రిపూట మెత్తగా, గుత్తిగా వచ్చేవి వేరు, వాటిని కుందేలు తానే తినేస్తుంది. అది రోగం కాదు, తిననివ్వండి.

ఆరాక ఆరు గంటలైనా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. పన్నెండు గంటలు దాటితే అర్ధరాత్రైనా సరే తెల్లారే దాకా చూద్దామనుకోవద్దు. కుక్క ఒక పూట తినకపోతే మనం పట్టించుకోం, ఆ లెక్క కుందేలుకు పెట్టకూడదు. నడుం వంచి ముడుచుకు కూర్చోవడం, పళ్లు పటపట నూరడం, పొట్టను నేలకు నొక్కిపెట్టడం నొప్పికి గుర్తులు. కుక్కకూ పిల్లికీ గద్దకూ దొరికిపోయే జంతువు కాబట్టి నొప్పిని బయటపెట్టదు, అరవదు. మూలన నిశ్శబ్దంగా కూర్చుంది కదా, పడుకుందిలే అనుకుంటే పొరపాటు.

సిరంజితో తినిపించమని కొందరు చెబుతారు. డాక్టరు చెప్పినప్పుడు, ఎలా పెట్టాలో చూపించినప్పుడు చేయండి. ఒళ్లు చల్లగా ఉన్న కుందేలుకు మాత్రం ముందు వేడి, ఆ తర్వాతే తిండి. పేగులు కదలనప్పుడు లోపలికి తోసిన తిండి అక్కడే నిలిచిపోతుంది.

పడక

పాత గూట్లో తడి ఉంటే ఆ రాత్రికి ఇంట్లోనే. అట్టపెట్టెలో పేపరు, పైన పొడి గడ్డి చాలు. రైసుమిల్లు ఊక మనకు తేరగా దొరుకుతుంది కానీ ఆరీ ఆరని బొచ్చుకు అంటుకుంటుంది, దుమ్ము ముక్కులోకి పోతుంది. రంపపు పొట్టూ అంతే. జత కుందేలు ఉంటే రెండింటినీ కలిపే ఉంచండి, ధైర్యంగా ఉంటుంది. పురుగుమందు అనుమానం ఉన్నప్పుడు మాత్రం విడదీయాలి, ఒకటి రెండోదాన్ని నాకుతుంది. పాదాల అడుగున కూడా ఒకసారి చూడండి. కుందేలు పాదానికి కుక్కలా మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. తడి నేల మీద నిలబడితే ఆ బొచ్చు రాలి అడుగు ఎర్రబడి పుండు పడుతుంది.

ఈగలు

వాన వెలిశాక డెల్టాలో ఈగలు ఎలా ముసురుతాయో చెప్పక్కర్లేదు. తోక కిందో, గజ్జల్లోనో తడి మిగిలి, దానికి మూత్రమో మెత్తటి పెంటికో అంటుకుంటే ఈగ అక్కడ గుడ్లు పెడుతుంది. సన్న నూకలా తెల్లగా, గుత్తిగా బొచ్చుకు అంటుకుని ఉంటాయి. మన వేడికీ తేమకూ ఒక్క రోజులోపే పొదిగి పురుగులవుతాయి. అవి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి, బయటికి కనిపించేవి కొన్నే.

కాబట్టి పొద్దునా సాయంత్రం తోక కింద బొచ్చు విప్పి చూడండి. వారం పాటు చూస్తే మంచిది. గూటి చుట్టూ దోమతెర కట్టండి. గుడ్లు మాత్రమే ఉంటే పొడి మీద సన్న పళ్ల దువ్వెనతో తీసేయొచ్చు, తర్వాత రోజంతా మళ్లీ మళ్లీ చూడాలి. ఒక్క పురుగు కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. గేదెల పుండుకు పురుగు పడితే టర్పెంటైన్ పోయడం మన ఊళ్లలో అలవాటు. కుందేలుకు టర్పెంటైన్, కిరసనాయిలు, ఫినాయిలు, కర్పూరం ఏవీ పోయకండి. కుక్కల పిడుదులకు కొట్టే స్ప్రే కూడా వద్దు, వాటిలో చాలావాటిలో ఉండేది ఇందాక వరిచేను దగ్గర చెప్పుకున్న ఫిప్రోనిలే.

చర్మం ఎర్రబడి చెమ్మగా, వాసనగా ఉంటే, ముఖ్యంగా గంగడోలు దగ్గర, అది కూడా చూపించాల్సిందే. ఒక్కోసారి అక్కడి బొచ్చు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరుగుతుంది. రంగు అంటిందేమో అనుకుంటారు. ఎప్పుడూ తడిగా ఉండే చర్మం మీద పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వల్ల వచ్చే రంగు అది.

మందులు, డాక్టరు

ఇంట్లో పిల్లలకు తెచ్చి మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ కుందేలుకు పోస్తే చావొచ్చు. నోటి ద్వారా ఇచ్చిన అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ లాంటివి దాని పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి, చెడ్డవి పెరిగి విషం తయారవుతుంది. జలుబు చేస్తుందేమోనని ముందు జాగ్రత్తగా ఏ యాంటీబయాటిక్కూ ఇవ్వకండి. జ్వరం బిళ్లలూ అంతే.

ప్రభుత్వ పశువైద్యశాల డాక్టర్లు ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలు చూస్తారు. కుందేలును చూస్తారా అని ముందే అడిగి పెట్టుకోండి, వాన రోజున కాదు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం లాంటి పట్టణాల్లో పెంపుడు జంతువుల క్లినిక్కులున్నాయి, పెద్ద సమస్య అయితే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. సంచార పశువైద్య వాహనం నంబరు 1962. లంకల్లో ఉండేవాళ్లు, నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద దాటాల్సినవాళ్లు ఇంకాస్త ముందే ఫోన్ చేయాలి, గోదావరి పొంగితే పంటు ఆగిపోతుంది.

ఫోన్లో అడిగేది ఇదే: బరువెంత, ఎప్పుడు తడిసింది, ఏ నీళ్లు, ఎంతసేపు, చివర ఎప్పుడు తింది, పెంటికలు ఎలా ఉన్నాయి. బండి మీద తీసుకెళ్లేటప్పుడు ఒళ్లో పట్టుకుని గాలికి తీసుకుపోకండి. మూత ఉన్న బుట్టలో పొడిబట్ట, చుట్టిన వేడి సీసా పెట్టి, పైన గుడ్డ కప్పి, గాలి ఆడే సందు వదలండి.

మళ్లీ తడవకుండా

గూడు అడుగు నేలకు మూడడుగుల ఎత్తుండాలి. ఒక పక్క పట్టా కడితే చాలదు, తుఫాను దాటేకొద్దీ గాలి దిక్కు మారుతుంది. వాయుగుండం కబురు రాగానే గూడుతో కుస్తీ పట్టకుండా కుందేలునే ఇంట్లోకి తెచ్చేయడం నయం.

వరదకు ధవళేశ్వరం కబుర్లే లెక్క. బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంక గ్రామాల్లో పశువులను గట్టుకు తోలేటప్పుడే కుందేలునూ తరలించండి, చిన్నదే కదా ఆఖర్న చంకలో పెట్టుకుపోదామంటే ఆఖర్న చేతులు ఖాళీ ఉండవు. కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు రెండు, ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కడితే గాలి ఆడే పెట్టె తయారు. నాలుగు పొడి తువ్వాళ్లు, మూడు రోజుల ఎండుగడ్డి విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో మూతి కట్టి పెట్టుకోండి.

నీరు తీశాక గూటి చెక్కలు కడిగి, ఎండలో పూర్తిగా ఎండాకే లోపల పెట్టండి. ఒండ్రు పట్టిన గడ్డి కడిగినా వేయకండి. కొత్త చిగురు లేచేవరకు ఎండుగడ్డితో, బజారు ఆకుకూరలతో నడిపించండి.